ఎవరికి ఏ మందు?

ప్రాణం తీసే వ్రణానికి మన భాష రాచపుండు అని పేరు పెట్టింది. పేరు రాచదైనా ఆ వ్యాధికి రాజూ పేదా భేదం లేదు. భేదమంతా చికిత్సలో ఉంది. నేను సాహిత్యం చెప్పుకొనే అధ్యాపకుణ్ణి, వైద్యుణ్ణి కాను. అయినా రొమ్ము క్యాన్సరు చరిత్రను నడిపించిన ఒక ప్రశ్న సంఘచరిత్ర చదివే వారందరిదీ అనుకొంటాను: ఏ మందు ఎవరికి పనిచేస్తుంది?

ఆ ప్రశ్నకు నూరేళ్ళు దాటాయి. 1896లో గ్లాస్గో వైద్యుడు జార్జి బీట్సన్, వ్యాధి ముదిరిన స్త్రీలకు అండాశయాలు తొలగిస్తే గడ్డ కరగవచ్చునని చూపాడు. కాని అందరికీ కరగలేదు. ఎవరికి కరుగుతుందో ముందుగా చెప్పలేక, దశాబ్దాలపాటు గుణం కనిపించని వారిని కూడా కోశారు. 1950ల చివర చికాగోలో ఎల్వుడ్ జెన్సన్ పరిశోధన రహస్యం విప్పింది. ఈస్ట్రోజెన్ అనే స్త్రీ హార్మోనును పట్టుకొనే గ్రాహకం కొన్ని గడ్డల్లో ఉంటుంది, కొన్నింటిలో ఉండదు. ఉన్నచోటనే హార్మోను చికిత్సకు ఫలితం.

1987లో డెన్నిస్ స్లామన్ బృందం 189 గడ్డలను పరిశీలించి, హెర్-2 అనే జీను ప్రతులు పెరిగినచోట వ్యాధి త్వరగా తిరగబెడుతుందని తెలిపింది. ఆ జీను తయారుచేసే ప్రోటీనును పట్టే ట్రాస్టుజుమాబ్‌కు 1998లో అమెరికాలో అనుమతి లభించింది. కీడును సూచించిన గుర్తే మందుకు దారి చూపింది.

ఈ కథలో తెలుగువాడి పాలు తక్కువది కాదు. 1895లో భీమవరంలో పుట్టిన యల్లాప్రగడ సుబ్బారావు లెడర్లీ పరిశోధనశాలలో నడిపించిన కృషినుండి వచ్చిన మందుల కోవలోనిదే మెథోట్రెక్సేట్. శస్త్రచికిత్స తరువాత దానిని మరి రెండు మందులతో కలిపి ఇస్తే వ్యాధి తిరగబెట్టడం తగ్గుతుందని 1976లో మిలాన్ వైద్యుడు బొనడొన్నా నిరూపించాడు. అయితే కోతతోనే నయమయ్యేవారు కూడా ఆ మందుల బాధ పడవలసి వచ్చింది. వారెవరో తెలియదు గనుక. పదివేలమందికి పైగా స్త్రీలతో జరిగి 2018లో వెలువడిన టైలరెక్స్ పరిశోధన 21 జీన్ల పరీక్షతో దీనికి కొంత జవాబు చెప్పింది: హార్మోను గ్రాహకం ఉండి, హెర్-2 లేక, చంక గ్రంథులకు పాకని గడ్డ గలవారిలో చాలామందికి కీమోథెరపీ అక్కరలేదు.

ఇక్కడ మనం ఆగి ఆలోచించాలి. ఈ పరీక్ష ధర లక్షల్లో ఉన్నది. అంతకన్నా ముఖ్యం, వ్యాధి తొలిదశలో దొరికిన స్త్రీకే అది ఉపయోగం. భద్రాద్రి కొత్తగూడెం జిల్లా చండ్రుగొండనుండి హైదరాబాదులో 1955లో వెలసిన ఎం.ఎన్.జె. క్యాన్సరు ఆస్పత్రికి రెండువందల కిలోమీటర్ల పైమాట. తునికాకు కోసే స్త్రీకి, పత్తి ఏరే స్త్రీకి ఆ ప్రయాణమంటే కూలి పోవడం, పిల్లల్ని ఎవరికో అప్పగించడం. నొప్పి లేని గడ్డకోసం ఎవరు అంత దూరం వెళ్తారు? నొప్పి వచ్చాక వెళ్తే 21 జీన్లు చెప్పగలిగిన మేలు దాటిపోయి ఉంటుంది.

కనుక ఈ గుర్తులు చదవడం ఊరికి దగ్గరలోనే మొదలు కావాలి. రొమ్ము తడిమి చూడగల నర్సు, గడ్డ ముక్కను చెడకుండా ఫార్మలిన్‌లో ఉంచి పంపే ఏర్పాటు, ఈస్ట్రోజెన్, ప్రొజెస్టిరోన్ గ్రాహకాలకూ హెర్-2కూ రంగు వేసి చూడగల జిల్లా ప్రయోగశాల – ఇవి అసాధ్యమైన కోరికలు కావు. ఎవరికి ఏ మందు అన్న ప్రశ్నకు శాస్త్రం చాలావరకు జవాబిచ్చింది. ఆ జవాబు ఎవరికి అందాలన్నది మాత్రం ప్రయోగశాల తేల్చేది కాదు. ప్రజలు అడిగి తేల్చుకోవలసింది.