నల్లి మందులు
పంటల్లో, పూలమొక్కల్లో రసం పీల్చే నల్లులను చంపే రసాయనాలు. నల్లి పురుగు కాదు, సాలీడు వర్గపు ఎనిమిది కాళ్ల జీవి; అందుకే మామూలు పురుగుమందులు చాలావరకు దానిపై పనిచేయవు. పైరిత్రాయిడ్లయితే దాన్ని తినే మిత్రపురుగులను చంపి, ఉన్న బెడదను పెంచుతాయి. ఎండాకాలంలో సికింద్రాబాద్ మేడల మీది గులాబీలకు ఎర్రనల్లి పడితే ఆకు అడుగున సన్నని గూడు, పైన తెల్లచుక్కలు కనిపిస్తాయి. తెలంగాణ మిరపలో నల్లి వల్ల వచ్చేది కింది ముడత. (పై ముడత తామరపురుగుల పని, రెంటినీ పొరబడటం మామూలే.) లీటరు నీటికి 3 గ్రాముల నీటిలో కరిగే గంధకం పాత మందు, చౌక, మండుటెండలో కొడితే ఆకులు మాడతాయి. ప్రొపర్‌గైట్, ఫెనజాక్విన్, స్పైరోమెసిఫెన్ తరవాతివి. ఏదైనా ఆకు అడుగు తడిసేలా కొట్టాలి, మార్చి మార్చి వాడాలి. దశాబ్దాలపాటు రాజ్యమేలిన డైకోఫాల్‌ను డీడీటీ నుంచే తయారుచేసేవారు. భారత్ 2023లో నిషేధించింది.