వైద్యవిద్య: ఎవరి భాషలో పరీక్ష?

మా గంభీరావుపేటలో బీడీలు చుట్టే ఆడవాళ్లు "రెక్కలు గుంజుతున్నయి" అంటారు. మా అమ్మా ఆ మాటే అనేది. రెక్క అంటే భుజం నుంచి వేళ్ల దాకా. వైద్య విద్యార్థి చదివే అనాటమీ పుస్తకంలో ఈ మాట ఉండదు. ఎందుకుండదో చరిత్రే చెప్పాలి.

1846లో నిజాం ప్రభుత్వం హైదరాబాదులో వైద్య పాఠశాల పెట్టినప్పుడు బోధన ఉర్దూలో సాగింది. 1880లలో ఇంగ్లీషు వచ్చింది. 1918లో ఏర్పడిన ఉస్మానియా విశ్వవిద్యాలయం ఉర్దూను ఉన్నత విద్యకు మాధ్యమం చేసింది. దాని అనువాద శాఖ వైద్య గ్రంథాలనూ ఉర్దూలోకి తెచ్చింది. భారతీయ భాషలో శరీర నిర్మాణ శాస్త్రం చెప్పవచ్చునని రుజువైంది. ఆ ఘనతను కాదనలేం. కాని సంస్థానంలో ఎక్కువమంది మాట్లాడిన భాష తెలుగు. 1948 తర్వాత మళ్లీ ఇంగ్లీషే వచ్చింది. మాధ్యమం ఎన్నిసార్లు మారినా తెలుగు రోగి మాట తరగతి గది బయటే ఉండిపోయింది.

పరీక్షల తీరూ అంతే. వ్యాసరూప ప్రశ్నలు, బల్లమీద ఎముకలు, మౌఖికం. ఎముక చేతికిచ్చి కుడిదా, ఎడమదా అని అడుగుతారు. అది అవసరమే, అదొక్కటే చాలదు.

2019 నుంచి దేశమంతటా సామర్థ్యాల ఆధారంగా కొత్త పాఠ్యప్రణాళిక అమలులోకి వచ్చింది. రోగితో మాట్లాడే తీరూ, స్థానిక భాషా అందులో చేరాయి. 2022లో జగిత్యాలలో, 2023లో సిరిసిల్లలో ప్రభుత్వ వైద్య కళాశాలలు తెరిచారు. కళాశాల మా గడపదాకా వచ్చింది. ఇక ఎముక పేరు చెప్పిన విద్యార్థిని, "రెక్క గుంజుడు" అంటే ఏ కండరమో, ఏ నరమో కూడా అడగాలి. ఆ జవాబుకు మార్కులుండాలి.