పెండ్లితో ముగియు కథ

మన యిండ్లలో గ్రంథపఠనమును గూర్చి చిరకాలముగ ఒక అభిప్రాయము పాతుకొనియున్నది. నవల కల్పితము, అనగా అసత్యము. కావున అది ప్రొద్దుపుచ్చుటకే పనికివచ్చును. జీవితచరిత్ర యథార్థము, కావున అది బుద్ధి గరపును. మేమును చిన్ననాట ఈ మాటయే వింటిమి. పాఠశాలలో పిల్లలకు పలుమారు ఈ మాటయే చెప్పితిమి. ఇటీవల కొన్ని నవలలను, కొన్ని నిజకథలను ప్రక్కప్రక్కన నుంచుకొని చదివిన పిమ్మట ఆ మాటను గూర్చి మరల ఆలోచింపవలసి వచ్చినది. మేము విమర్శకులము కాము. తీరికవేళ గ్రంథాలయమునుండి పుస్తకము తెచ్చుకొని చదువువారము మాత్రమే. కావున మా అభిప్రాయములను పాఠకులు ఆ మేరకే గ్రహింతురుగాక.

కృష్ణామండలమున ఇట్టి పాఠకులకు కొదవలేదు. విజయవాడలో రామమోహన గ్రంథాలయము 1911లో వెలసినది. 1914 ఏప్రిల్ 10వ తేదీన ఆంధ్రదేశ గ్రంథాలయ మహాసభ మొట్టమొదట ఆ పట్టణముననే సమావేశమైనది. అయ్యంకి వేంకటరమణయ్యగారు దానికై పాటుపడిరి. చిలకమర్తి లక్ష్మీనరసింహముగారు అధ్యక్షత వహించిరి. 1935లో పాతూరి నాగభూషణముగారి పూనికచే పుస్తకములు పడవనెక్కి పల్లెలకు పోయినవి. 1855లో కృష్ణకు ఆనకట్ట పూర్తియైన పిదప పొలములకు నీరు తెచ్చిన కాలువలే ఈ విధముగ గ్రంథములను గూడ తెచ్చినవి. ఇంత శ్రమపడి పెద్దలు మన చేతికందించిన పుస్తకములను ఎట్లు చదువవలెనో యోచించుట మన విధి.

మొదట వీరేశలింగము పంతులుగారి రెండు గ్రంథములను జూతము. తెలుగున తొలి నవలగా పలువురు పరిగణించు రాజశేఖర చరిత్రము 1878లో వివేకవర్ధని పత్రికలో వెలువడ నారంభించి, 1880లో పుస్తకరూపము దాల్చినది. ఆంగ్ల గ్రంథకర్తయగు గోల్డుస్మిత్తు వ్రాసిన నవల దీనికి ప్రేరకము. ఇందు రాజశేఖరుని పెద్దకూతురు రుక్మిణి. కాశికి పోయిన మగడు మరణించెనన్న వార్త విని ఆమె వైధవ్యదుఃఖము ననుభవించును. కథ తుది భాగమున ఆ వార్త అసత్యమని తేలును, మగడు తిరిగివచ్చును, కుటుంబము సుఖపడును. చదువరి కన్నీరు తుడుచుకొని పుస్తకము మూయును.

ఏడాది తిరిగిన పిమ్మట, 1881 డిసెంబరు 11వ తేదీన, అదే గ్రంథకర్త రాజమహేంద్రవరమున తొలి వితంతు వివాహమును జరిపించెను. నవలలో మగని తిరిగి రప్పించుట కలమునకు సాధ్యమైనది. లోకములో పోయిన మగడు తిరిగి రాడు. అక్కడ కావలసినది క్రొత్త పెండ్లి, దానిని జరిపించు ధైర్యము. ఈ రెంటి నడుమ గల దూరము పంతులుగారికి తెలిసినంతగా మరియెవరికిని తెలిసియుండదు.

ఆ దూరమెంతయో ఆయన స్వీయచరిత్రము చెప్పును. దాని మొదటి భాగము 1911లోను, రెండవ భాగము 1915లోను వెలువడినవి. పెండ్లి యొక దినమున ముగిసినది, బహిష్కారము ముగియలేదు. వంటవారు మానిరి, నీళ్లు తెచ్చువారు మానిరి. ఆయన భార్య రాజ్యలక్ష్మమ్మగారు తామే గోదావరినుండి నీరు మోసి, తామే వండి వడ్డించిరి. వివాహమాడిన దంపతుల పోషణభారము చాలవరకు ఆ దంపతులపైననే పడెను. నవలలో ఒక్క పుటయైన పట్టని ఈ సంగతులే నిజకథలో పెద్ద సంగతులైనవి. అయినను మాకొక కొరత కనబడినది. ఇది పెండ్లి జరిపించినవారి చరిత్ర. ఆ పెండ్లికూతుండ్రు తరువాత ఎట్లు బ్రతికిరో, ఏమి తలచిరో, వారి నోటిమాటగా మనకు వినరాదు. యథార్థమైన గ్రంథముగూడ వ్రాసినవాడు నిలుచున్న చోటినుండియే లోకమును చూపును.

అట్లయిన నవల వట్టి ఓదార్పేనా? అట్లనుటకు మాలపల్లి అడ్డుతగులును. గుంటూరులో శారదానికేతనమును స్థాపించి స్త్రీవిద్యకై పాటుపడిన ఉన్నవ లక్ష్మీనారాయణ పంతులుగారు రాయవేలూరు చెరసాలలో ఈ నవలను వ్రాసిరి. 1922లో ఇది అచ్చయినది. కృష్ణకు దక్షిణమున నున్న పల్లె నీ గ్రంథములో చూడవచ్చును. రామదాసు కుమారుడు సంగదాసు కామందు చౌదరయ్య చేతిదెబ్బకు ప్రాణము విడుచును. మరియొక కుమారుడు వెంకటదాసు దొంగల నాయకుడై ధనికులను దోచి పేదలకు పెట్టును. మదరాసు ప్రభుత్వము దీనిని ఒకమారు కాదు, రెండుమారులు నిషేధించినది. 1937లో రాజాజీ మంత్రివర్గము వచ్చిన పిదపగాని ఆ ఆంక్ష తొలగలేదు. వట్టి కల్పనయైనచో ఏలికలు దానికి జడియనేల? తమ కథను తామే వ్రాసి అచ్చువేయించుకొను వీలులేని జనులకు ఆ దినములలో నవలయే నోరైనది. ఇది నవల చేసిన గొప్ప మేలు.

కాని అందును సంగదాసు మరణము వ్యర్థము కాలేదు. గ్రంథమునకు సంగవిజయమను పేరుగూడ కలదు. నవలాకారుడు ఒక మరణమును గెలుపుగా మార్చగలడు. నిజముగ కన్నబిడ్డను పోగొట్టుకొన్న తల్లికి ఆ శక్తి లేదు.

ఈ సంగతి మాకు బోధపడినది కొండపల్లి కోటేశ్వరమ్మగారి నిర్జనవారధి చదివినప్పుడు. ఆమె 1918లో కృష్ణామండలమందలి పామర్రులో జన్మించిరి. పసితనముననే పెండ్లి, పసితనముననే వైధవ్యము. తరువాత కమ్యూనిస్టు నాయకులు కొండపల్లి సీతారామయ్యగారితో పునర్వివాహము జరిగినది. ఇది సంఘసంస్కార నవలయైనచో ఇక్కడ మంగళవాద్యములతో ముగిసియుండెడిది. ఈ గ్రంథము ఇక్కడ మొదలగును. ఆమె ఉద్యమములో పాటలు పాడిరి, నగలను పార్టీకి ఇచ్చివేసిరి, నిషేధపు దినములలో రహస్యజీవితము గడపిరి. పిమ్మట భర్త ఆమెను విడిచిపోయెను. ముప్పది యేండ్లు దాటిన వయసున ఆమె హైదరాబాదులోని ఆంధ్ర మహిళాసభలో చేరి, బడిపిల్లలవలె మరల చదువుకొనిరి. కాకినాడలో విద్యార్థినుల వసతిగృహమున మేట్రనుగా పనిచేసి బ్రతికిరి. కొడుకును, కూతురును ఆమె బ్రతికియుండగనే లోకము విడిచిరి. తొంబదియేండ్లు దాటిన పిదప, 2012లో, ఈ గ్రంథము వెలువడినది. 2018లో నూరేండ్ల వయసున ఆమె విశాఖపట్టణమున కన్నుమూసిరి.

ఇందు విజయమని చెప్పదగిన ముగింపు లేదు. ఉపదేశమును లేదు. ఒక పెండ్లివలన స్త్రీ బ్రతుకు చక్కబడినదని మనము లెక్క వ్రాసికొన్న తరువాత ఆ బ్రతుకు ఇంకను డెబ్బదియేండ్లు నడచినదన్న మాట మాత్రమున్నది. పంతులుగారి స్వీయచరిత్రలో మాకు వినబడని పెండ్లికూతురి మాట శతాబ్దము గడచిన పిదప మాకు ఇక్కడ వినబడినది.

ఈ పుస్తకము ముగించిన రాత్రి మాకు మా బంధువులలోని ఒక వృద్ధురాలు జ్ఞప్తికి వచ్చెను. ఆమెకును బాల్యముననే వైధవ్యము కలుగగా మా పెద్దలు ధైర్యముచేసి పునర్వివాహము చేసిరి. ఆ పెండ్లి మా యింట గొప్పకథ. ఎవరు రాకుండిరో, ఎవరు భోజనము చేయక లేచిపోయిరో, పురోహితుని ఏ యూరినుండి పిలిపించిరో మాకు కంఠపాఠము. పెండ్లి తరువాత ఆమె నలువదియేండ్లకు పైగా జీవించెను. ఆ యేండ్లను గూర్చి మేమొక్కమారైన ఆమెను అడుగలేదు. ప్రతి సంక్రాంతికి వచ్చి, వంటయింట కూర్చుండి, అరిసెలు వత్తి వెడలిపోయెడిది. సంస్కారప్రియులమని చెప్పుకొను మా యింట ఆమె ఒక దినమునకు మాత్రమే కథానాయిక. మిగిలిన దినములలో వంటమనిషి. ఇప్పుడు అడుగుదమన్న ఆమె లేదు.

కావున నవల అసత్యము, చరిత్ర సత్యము అని పిల్లలకు చెప్పుట మేము మానితిమి. నవల మనము కోరవలసిన లోకమును చూపును. ఒక్కొకప్పుడు నోరులేనివారి పక్షమున మాటలాడును. నిజకథ ఆ కోరిక నెరవేరిన మరునాటి సంగతి చెప్పును. మొదటిది లేనిచో సంస్కారము పుట్టదు. రెండవది లేనిచో అది తనపని ముగిసినదని భ్రమపడును. పెండ్లితో ముగియు నవల నింట ఎవరైన చదువుచున్నప్పుడు, ఆ తరువాత ఏమైయుండునని వారి నడుగుడు. ఆ ప్రశ్నకు బదులు చెప్పగలవారు మీ వంటయింటనే కూర్చుండియుందురేమో, వారినిగూడ పిలిచి అడుగుడు. ఆ పని మేము చేయకపోతిమి.