గుర్తింపునకు నోచుకొనని కొత్త డిస్కు

గార్డెన్ రీచ్‌లో కొలువు చేసిన తెలుగువారిలో నౌపడా స్టేషనును ఎరుగనివారు అరుదు. శ్రీకాకుళము జిల్లాలోని ఆ స్టేషనున ఒకవైపు పెద్ద పట్టాల మార్గమును, మరియొకవైపు 1900లో పర్లాకిమిడి మహారాజావారు వేయించిన చిన్న పట్టాల మార్గమును ఉండెడివి. మొదటిదాని వెడల్పు అయిదడుగుల ఆరంగుళములు. రెండవదానిది రెండడుగుల ఆరంగుళములు. పెద్ద మార్గమున వచ్చిన వ్యాగను ఎంత కొత్తదైనను చిన్న పట్టాలపై అంగుళమైనను కదలజాలదు. బస్తాలను దింపి మరల ఎక్కింపవలసినదే. తప్పు వ్యాగనుది కాదు, పట్టాలదియు కాదు. రెండింటికిని నడుమ పొత్తు కుదరకపోవుటయే తప్పు. 2011లో ఆ మార్గము పెద్ద పట్టాలకు మారిన పిమ్మట గాని ఆ చిక్కు తీరలేదు.

కొత్తగా కొనిన హార్డ్ డిస్కును కంప్యూటరులో అమర్చి, మీట నొక్కి, తెరపై దాని జాడ కానక విస్తుపోవు ప్రతివారును నౌపడా ప్లాటుఫారముపై నిలిచినవారే. ఈ చిక్కునకు ఒక చరిత్ర కలదు. అది తెలిసినచో చికిత్స సులభమగును.

మన ఆగ్నేయ రైల్వే 1955 ఆగస్టు 1వ తేదీన ఏర్పడినది. అదే సంవత్సరమున ఈ నగరములోని భారత గణాంక సంస్థకు బ్రిటను నుండి హెచ్.ఇ.సి.-2ఎం అను యంత్రము వచ్చినది. భారతదేశపు తొలి డిజిటల్ కంప్యూటరుగా పేరొందిన దాని జ్ఞాపకశక్తి తిరుగుచుండు ఒక అయస్కాంతపు పీపాలో ఉండెడిది. మరుసటి యేడు, ఆంధ్రప్రదేశ్ అవతరించిన 1956లోనే, అమెరికాలో ఐ.బి.ఎం. సంస్థ తొలి డిస్కు యంత్రమును ప్రకటించినది. రెండేసి అడుగుల వ్యాసము గల యాబది పళ్లెములు, ఒక టన్నుకు మించిన బరువు. ఇంతయు కలిసి దాచగలిగినది అయిదు మిలియన్ల అక్షరములు మాత్రమే. నాడు డిస్కును యంత్రము గుర్తించునా లేదా అను ప్రశ్నయే లేదు. రెండును ఒకే కంపెనీవి. అమర్చుటయు, బాగుచేయుటయు ఆ కంపెనీ ఇంజనీర్ల పని.

డిస్కు ఇంటి బల్లపైకి వచ్చిన తరువాతనే చిక్కులు మొదలైనవి. 1980లో సీగేట్ సంస్థ అయిదు మెగాబైట్ల చిన్న డిస్కును తెచ్చినది. దానిని నడపు కంట్రోలరు వేరొక పలకపై ఉండెడిది. 1984 నాటి పి.సి.-ఏ.టి. యంత్రములో డిస్కుల రకముల పట్టిక యొకటి ముందే వ్రాసి యుంచబడెను. మన డిస్కు ఏ వరుసలోనిదో మనమే అంకె వేసి చెప్పవలెను. పట్టికలో లేని డిస్కు, మస్టరు రోలులో పేరులేని ఉద్యోగి వంటిది. మనిషి ఎదుట నిలిచియున్నను హాజరు పడదు.

1986 ప్రాంతమున ఐ.డి.ఇ. అను పద్ధతి వచ్చి, కంట్రోలరు డిస్కుపైకే చేరినది. డిస్కు తన వివరములను తానే చెప్పుకొన నేర్చినది. అయినను ఒకే తీగపై రెండు డిస్కులుండుటచే, ఏది మాస్టరో ఏది స్లేవో తెలుపుటకు చిన్న జంపరును సరియైన సూదులపై తొడుగవలసి యుండెను. రెండును మాస్టరులమని చెప్పుకొనిన ఇంట ఏమి జరుగునో వేరుగా చెప్పనక్కరలేదు.

పిదప అంకెల గోడలు అడ్డువచ్చినవి. పాత బయాస్ 1024 సిలిండర్లు, 16 హెడ్లు, 63 సెక్టార్లకు మించి లెక్కింపజాలకుండెను. సెక్టారునకు 512 బైట్ల చొప్పున గుణించినచో అది సుమారు 528 మెగాబైట్లు. తరువాత 28 బిట్ల చిరునామా వచ్చినది. దాని హద్దు 137 గిగాబైట్లు. ఆ వెనుక 48 బిట్లు వచ్చినవి. పాతదైన ఎం.బి.ఆర్. పట్టికలో 32 బిట్ల లెక్క రెండు టెరాబైట్లకడ ఆగిపోవును. అంతకు మించిన డిస్కునకు జి.పి.టి. పట్టిక వ్రాయవలెను.

2003లో సాటా వచ్చి జంపరుల బాధ తీర్చినది. ఒక డిస్కు, ఒక తీగ. అయినను కొత్త ఒప్పందముతో కొత్త చిక్కును పుట్టినది. 2016 నాటి సాటా 3.3 ప్రమాణమును అనుసరించిన కొన్ని డిస్కులలో మూడవ విద్యుత్ సూదికి 3.3 వోల్టులు తగిలినచో డిస్కు నిద్రలోనే యుండును. పాత పవర్ సప్లైలు ఆ వోల్టులను నిత్యము అందించును గనుక, దోషమేమియు లేని డిస్కు చచ్చినదానివలె కనబడును. ఆ వోల్టులను అందింపని తీగను వాడినచో మేల్కొనును. కొన్ని బోర్డులలో ఎం.2 గూటిని నింపినచో ఒకటి రెండు సాటా గూళ్లు పనిచేయకుండును. బోర్డుతో వచ్చిన పుస్తకమున ఆ సంగతి వ్రాసియుండును.

ఈ చరిత్ర నుండియే పరీక్షా క్రమము లభించును. మొదట విద్యుత్తును పూర్తిగా తొలగించి, రెండు తీగలును గట్టిగా దిగినవో లేదో చూడవలెను. ఫలింపనిచో తీగను, గూటిని మార్చి చూడవలెను. పిమ్మట బయాస్ తెరను తెరువవలెను. డిస్కు పేరు అచ్చట లేనిచో లోపము తీగలోనో, గూటిలోనో, విద్యుత్తులోనో, డిస్కులోనో ఉన్నది. అచ్చట ఉండి, విండోస్ అరలలో మాత్రము కానరానిచో భయపడనక్కరలేదు. కొత్త డిస్కు గీతలు గీయని ఖాతా పుస్తకము వంటిది. డిస్క్ మేనేజ్‌మెంట్‌లో దానిని ఇనిషియలైజు చేసి, భాగము ఏర్పరచి, ఫార్మాటు చేసి, ఒక అక్షరము నొసగినచో పని ముగియును.

ఇచ్చటనే ఒక హెచ్చరిక అవసరము. కొన్ని సంవత్సరముల క్రిందట మా ఇంట కొత్త డిస్కు కానరాని రాత్రి, తొందరపాటున నా వ్రేలు పాత డిస్కు వరుసపై నిలిచినది. ఫార్మాటు చేయుదునా అని యంత్రము అడిగినది. దానిలో మా అమ్మగారి ఫొటోలన్నియు ఉండెను. వేరొకచోట ప్రతి లేదు. ఇంటావిడ వెనుకనుండి, “అంకె చూచితిరా?” అని అడుగకున్నచో ఆ ముఖమును మరల చూచి యుండెడివాడను కాను. పరిమాణము వేరు, పేరు వేరు; రెండును తెరపైననే ఉన్నవి. చూడనివాడను నేనే.

కావున డిస్కు పేరును, పరిమాణమును చదువక సమ్మతింపరాదు. ఇనిషియలైజు చేయుట కొత్త డిస్కునకే తగును. వ్రాతలున్న పాత డిస్కును గూర్చి యంత్రము ఆ ప్రశ్న అడిగినచో వద్దనవలెను. ఇల్లు తెరువకముందే విలువైనవానికి మరియొక ప్రతి తీసి యుంచవలెను.

నౌపడాలో బస్తాలను దింపునప్పుడు లెక్క చూచుటకు ఒక గుమాస్తా ఉండెడివాడు. మన ఇంట ఆ గుమాస్తా పని మనదే.