వ్యాసపీఠము

శ్రోతలారా, పుస్తకమును గూర్చి మాటలాడువారు పెక్కుమంది కలరు. పుస్తకమును మోయు పీటను గూర్చి మాటలాడువారు అరుదు. నేడు నేను విన్నవింపదలచినది ఆ పీటను గూర్చియే. రెండు పలకలు కత్తెరవలె నొకదాని నొకటి దాటి నిలుచు నీ చిన్న సాధనమునకు మనవారు వ్యాసపీఠమని పేరిడిరి. పురాణము చెప్పువానిని వ్యాసుని ప్రతినిధిగా నెంచుట మన సంప్రదాయము. అతడు కూర్చుండునది వ్యాసాసనము. అతని గ్రంథముండునది వ్యాసపీఠము.

గ్రంథమును నేలపై నుంచరాదను నియమము మిక్కిలి ప్రాచీనము. అగ్నిపురాణమున పుస్తకప్రతిష్ఠను జెప్పుచోట శరయంత్రమను గ్రంథాసనము పేర్కొనబడినది. అయినను ఆనాటి పుస్తకము తాళపత్రము. సన్నగా, పొడవుగా కోసిన ఆకులకు రంధ్రముచేసి త్రాటను గ్రుచ్చి, పైనను క్రిందను కొయ్యపలకల నుంచి కట్టెడివారు. చదువువాడు ఆకు వెనుక ఆకుగా త్రిప్పుకొనుచు పోవును. దానికి చదునైన పీట చాలును. నడుమ లోయవలె దిగిన పీటపై తాటియాకు నిలువదు. కావున కత్తెరపీట తాళపత్రము కొరకు పుట్టినది కాదని దాని యాకారమే సాక్ష్యమిచ్చుచున్నది. అది నడుమ కుట్టబడి, రెండు రెక్కలుగా తెరచుకొను కాగితపు పుస్తకమునకు తోబుట్టువు.

ముసల్మానులు ఖురానును ఉంచి పఠించు పీట సరిగా నిట్టిదే. దానిని రెహల్ అందురు. న్యూయార్కు నగరమందలి మెట్రోపాలిటన్ మ్యూజియములో హసన్ బిన్ సులేమాన్ ఇస్ఫహానీ అను శిల్పి చెక్కిన రెహల్ ఒకటి కలదు. దానిపై హిజరీ 761, అనగా క్రీ.శ. 1360, అని సంవత్సరము చెక్కబడియున్నది. ఆ కొయ్య యేదియో తెలిసిన మీరును నావలెనే సంతసింతురు. అది టేకు. ఇరాను దేశమున టేకు పెరుగదు. దానికి పుట్టినిల్లు మన దేశమును, బర్మా మొదలగు తూర్పుదేశములును. టేకు సముద్రము దాటి పడమటికి బోయి పీటయైనది. పీట రూపము దక్కనునకు వచ్చి మన పురాణములను మోసినది.

బహమనీల రాజ్యము 1347లో వెలసినది. గోలకొండ కుతుబ్ షాహీలు 1518 మొదలు 1687 వఱకు ఏలిరి. వారి కొలువులలో వ్రాత కాగితముపై సాగెను. తెలుగు గ్రంథములు మాత్రము బహుకాలము తాటియాకును విడువలేదు. పందొమ్మిదవ శతాబ్దమున చార్లెస్ ఫిలిప్ బ్రౌను దొర కడపలో పండితులను కూర్చి, తాళపత్రముల నుండి కాగితముపై ప్రతులు వ్రాయించెను. పిమ్మట అచ్చుపుస్తకములు ఇంటింట చేరెను. 1885లో వెలువడిన శబ్దరత్నాకరము వంటి బరువైన గ్రంథమును అరచేత బట్టి యెంతసేపు చదువగలము? అప్పుడు మసీదునందలి పీటయు, పురాణమంటపమందలి పీటయు ఒకే వడ్రంగి చేతిలో రూపొందినను వింతలేదు. పీటకు మతభేదము లేదు.

ఐరోపాలోను ఈ చింత యుండెను. ఆగొస్తీనో రమెల్లీ అను ఇటలీ యంత్రజ్ఞుడు 1588లో ప్రకటించిన గ్రంథమున, పెక్కు పుస్తకములను మోయుచు తిరుగు పెద్ద చక్రమును చిత్రించెను. మనకు అంత యాడంబర మక్కరలేదు. ఒక్క పలక చాలును.

ఆ యొక్క పలకలోనే పనితనమంతయు నున్నది. దమ్మపేట చుట్టుప్రక్కల అడవులలో టేకును, గుమ్మడిటేకును కలవు. అయినను పీట కొరకు చెట్టు నఱకవలసిన పనిలేదు. పాత తలుపుచెక్క మేలు. ఏండ్ల తరబడి ఆరినది గనుక మరల వంగదు. ముళ్లు లేని, నార నిలువుగా సాగిన చెక్కను ఎన్నుకొనవలెను. పదునాఱంగుళముల పొడవు, ఎనిమిదంగుళముల వెడల్పు, ఒకటిన్నర అంగుళపు మందము సరిపోవును. అడుగునుండి సుమారు రెండైదవ వంతుల యెత్తున అడ్డముగా కీలురేఖ గీసి, వెడల్పును బేసిసంఖ్య భాగములుగా పంచి, ఒక భాగమును ఈ ముఖమునుండియు, దాని ప్రక్కదానిని ఆ ముఖమునుండియు ఉలితో ఏటవాలుగా తొలువవలెను. తరువాత రెండు కొనలనుండియు మందమును రంపముతో కీలుదాక చీల్చవలెను. మేకు లేదు, జిగురు లేదు. తెరచిన కత్తెర, మూసిన పలక! ఉలి వెంట్రుకవాసి తప్పెనా, చెక్క చీలిపోవును.

ఇది వట్టి వేడుక కాదు. పుస్తకమును నేలపై పూర్తిగా పఱచి, అరచేత అదిమి చదివిన, దాని వెన్ను విరుగును, కుట్లు తెగును, ఆకులు రాలును. పీటపై నది కొంత మూసికొనియే యుండును గనుక వెన్నునకు బాధ లేదు. చదువువాని మెడకును వంపు తగ్గును. పలుగ్రామములలో తాతలనాటి భారతములు, రామాయణములు అటకలపై వెన్ను విరిగి పడియుండుట నేను కన్నులార చూచితిని. వానిలో కొన్ని మరల అచ్చుకానివి. ఆకు రాలిన పుస్తకమును అతికింపవచ్చును గాని, పోయిన ఆకును తేలేము.

కొనువారికి రెండు మాటలు. నగిషీని జూచి మోసపోవలదు. పీటను తెరచి, మీ యింటి పెద్ద పుస్తకము నుంచి చూడుడు. ఊగినచో విడిచిపెట్టుడు. చేయింపదలచినవారు ఊరి వడ్రంగికి తగిన కూలి యిచ్చి చేయింపుడు. అతని ఉలి యాడిననాళ్లే ఈ విద్య నిలుచును. ఈ పీట నిలిచిననాళ్లు మన తాతల పుస్తకములకు ఆయువు పెరుగును.