తాళం వేసిన తోట చుట్టూ వందేళ్లు

భవనం పేరు అట్ట మీద పెద్దక్షరాల్లో ఉంది కనుక మళ్లీ రాయను. శతవార్షిక సంచికలో నివాసుల భాషలన్నిటిలో తలా ఒక వ్యాసం ఉండాలని కమిటీ తీర్మానించి, తెలుగు వాటా నాకు అప్పగించింది. ఇక్కడ తెలుగు చదివే గడపలు మూడే. మిగతా ప్రతులు విజయవాడకో హైదరాబాదుకో పోతాయి. అక్కడివాళ్ల కోసం ముందే చెప్పాలి, ఈ ఫ్లాటు నాది కాదు.

హైదరాబాదులో ఫ్లాటు కొంటే రిజిస్ట్రేషన్ మన పేరున అవుతుంది, కింద స్థలంలో అవిభాజ్య వాటా వస్తుంది. న్యూయార్క్ కో-ఆప్ పద్ధతి వేరు. భవనం మొత్తం ఒక కంపెనీది. మనం కొనేది ఆ కంపెనీ షేర్లు. వాటిని బట్టి మన ఫ్లాటు మనకు లీజుకొస్తుంది. భవనం మీద అప్పు, పన్నులు, బాయిలర్ ఖర్చు, జీతాలు అన్నీ షేర్ల లెక్కన పంచి నెలనెలా మెయింటెనెన్స్ కట్టించుకుంటారు. ఎవరికి అమ్మాలన్నా బోర్డు ఒప్పుకోవాలి. వద్దంటే, ఎందుకు వద్దో చెప్పనక్కర్లేదు.

క్వీన్స్‌లోని మన జాక్సన్ హైట్స్ ఒకప్పుడు పొలాలు. 1909లో క్వీన్స్‌బరో వంతెన పూర్తయింది. 1917లో రైలు వచ్చింది, ఇప్పటి ఏడో నంబరు బండి. ఎడ్వర్డ్ మాక్‌డూగల్ నడిపిన క్వీన్స్‌బరో కార్పొరేషన్ అప్పటికే పొలాలు కొని సిద్ధంగా ఉంది. బ్లాకు అంచుల వెంట ఇళ్లు, నడిమధ్య తోట అన్నది వాళ్ల పథకం. ఆర్కిటెక్టు ఆండ్రూ థామస్ గీసిన షాటో అనే నివాస సముదాయం 1922లో లేచింది, ఆ వెనకే టవర్స్. కొన్నవాళ్లకు గోల్ఫ్ మైదానం, టెన్నిస్ కోర్టులు. డబ్బు తీసుకుని రేడియోలో చదివిన తొలి ప్రకటనగా చెప్పుకునేదీ మన పేటదే. 1922 ఆగస్టు 28న డబ్ల్యుఈఏఎఫ్ స్టేషన్ నుంచి హాథార్న్ కోర్ట్ ఫ్లాట్ల గొప్ప చెప్పారు. స్వచ్ఛమైన గాలి, పచ్చదనం, మంచి ఇరుగుపొరుగు అని ఊరించి అమ్మిన పేట ఇది. మంచి ఇరుగుపొరుగు అంటే యూదులు, నల్లవాళ్లు లేనిదని అప్పటివాళ్ల అర్థం. ఈ సంచికలోని ఇంగ్లిషు వ్యాసం దీన్ని ఒక్క విశేషణంతో దాటేసింది. తెలుగులోనైనా ఉండనివ్వండి.

మాంద్యం, యుద్ధం, ఆ పైన పాతికేళ్లు. గోల్ఫ్ మైదానం పోయి ఇళ్లు వచ్చాయి. ఆ కాలంలో నాకు నచ్చిన సంగతి ఒక్కటే. ఉద్యోగం పోయిన ఆర్కిటెక్టు ఆల్‌ఫ్రెడ్ బట్స్ మన పేటలోనే ఉంటూ స్క్రాబుల్ ఆట కనిపెట్టాడు. 35వ అవెన్యూ, 81వ వీధి మూలనున్న బోర్డులో అక్షరాల పక్కన ఆట అంకెలున్నది అందుకే.

1965 వలస చట్టం తర్వాత తలుపులు తెరుచుకున్న దేశానికి మేమూ వచ్చాం. ముందు మరో భవనానికి దరఖాస్తు పెట్టుకున్నాం. ఒకటే వాక్యం ఉత్తరం వచ్చింది, కారణం లేదు. అబ్బాయి డాక్టరు, బ్యాంకులో డబ్బుంది, ఇంకేం లోటని మా మామగారు బందరు నుంచి రాసిన ప్రశ్నకు ఇప్పటికీ నా దగ్గర జవాబు లేదు.

ఈ భవనంలో ఇంటర్వ్యూ చేసినావిడ అప్పటి బోర్డు అధ్యక్షురాలు. యూదు కుటుంబం. తన తల్లిదండ్రులను ఒకప్పుడు ఇదే వీధిలో గుమ్మం దగ్గరే ఆపేశారని, మాకు కాఫీ ఇచ్చి మరీ చెప్పారు. మమ్మల్ని పిల్లలెందరని కూడా అడగలేదు. అలాగని మెత్తని మనిషనుకోకండి. వచ్చిన మొదటి నెలలోనే మాకు ఫిర్యాదు ఉత్తరం పెట్టిందీ ఆవిడే. వంటింటి గోడలో పాతకాలపు డంబ్‌వెయిటర్ ఉంది, సామాన్లు పైకి లాగే చిన్న లిఫ్టు. తలుపు సరిగా పడదు. మా ఇంగువ పోపు ఆ గూట్లోంచి పైకెళ్లి నాలుగో అంతస్తులో తుమ్ములు పుట్టించేది. నేను చిన్నబుచ్చుకుని కూర్చుంటే మర్నాడు ఆవిడే వచ్చి, మోకాళ్ల మీద వంగి, ఆ ఇత్తడి పిడి తలుపు చుట్టూ ఫెల్టు పట్టీ అంటించి వెళ్లారు. ఆ పట్టీ ఇంకా ఉంది. ఆవిడ లేరు.

ఆ తర్వాత 74వ వీధిలో చీరల కొట్లు పెరిగాయి. మన ఊళ్లకు పట్టుకెళ్లే 220 వోల్టుల మిక్సీలు అక్కడే కొనేవాళ్లం. 1977లో ఫ్లషింగ్‌లో వెలసిన గణేశ గుడికి ఆ ఏడో నంబరు రైల్లోనే వెళ్లేవాళ్లం. 1993లో నగరం మన పేటను చారిత్రక ప్రాంతంగా ప్రకటించింది. అప్పటి నుంచి కిటికీ మార్చాలన్నా అనుమతి కావాలి.

2020 మార్చి, కోవిడ్. ఎల్మ్‌హర్స్ట్ ఆస్పత్రి మనకు దగ్గర్లోనే. రాత్రంతా అంబులెన్సులు. ఆవిరి రేడియేటర్లు కాలిపోతుంటే కిటికీలు తెరిచి పడుకున్నాం. 1918 ఫ్లూ తర్వాత కిటికీలు తెరిచే ఉంటాయని లెక్కేసి ఆ కాలం బాయిలర్లు పెట్టేవారట. భవనం బాగోగులు చూసే మన సూపర్ ముసుగు కట్టుకుని ప్రతి గుమ్మం ముందూ సరుకులు పెట్టి, తలుపు తట్టి, వెనక్కి జరిగేవాడు. పోర్టర్లు రైలెక్కి రావడం ఒక్కరోజూ మానలేదు. మా అంతస్తులో రెండు తలుపులకు తర్వాత కొత్త పేర్లొచ్చాయి.

ఏప్రిల్ మొదట్లో నగరం ఆటస్థలాలకు తాళాలేసింది. పేట మొత్తానికి చెప్పుకోదగ్గ పార్కు ట్రావర్స్ ఒక్కటే. రెండు గదుల్లో చిక్కుకున్న పిల్లలు కిటికీ ఊచలు పట్టుకుని కిందున్న మన తోట చూసేవాళ్లు. మన తోట చూడడానికే. పరిగెత్తకూడదు, బంతి తేకూడదు. గంటల వారీగానైనా తెరవమని కొందరం అడిగాం. బోర్డు జూమ్‌లో కూర్చుని ఇన్సూరెన్స్ ఒప్పుకోదంది. మే నెలలో నగరమే 34వ అవెన్యూలో కార్లు ఆపి రోడ్డు వదిలింది, మన పిల్లలు అక్కడ సైకిలు నేర్చుకున్నారు. తోటలో తులిప్‌లకు ఏ లోటూ రాలేదు. ఇందులో తప్పొప్పులు తేలాయని నేననుకోను.

కమిటీ ఆజ్ఞ ప్రకారం కృతజ్ఞతలు: లాబీ పలకలకు విరాళమిచ్చిన మూడో అంతస్తు దంపతులకు, తులిప్ దుంపలు కొనిచ్చిన రిటైర్డ్ టీచరుగారికి, లిఫ్టు నిధికి ఇచ్చిన పధ్నాలుగు కుటుంబాలకు, పాత ఫొటోలకు చట్రాలు కట్టించిన ఐదో అంతస్తు అన్నదమ్ములకు, సూపర్‌కు, ఆయన ఇల్లాలికి, పోర్టర్లందరికీ. పేర్లు చివరి పేజీలో ఉన్నాయి.

జూన్‌లో హిస్టారిక్ వీకెండ్ నాడు బయటివాళ్లు చూసి పోవడానికి పేటలోని తోటలు తెరుస్తారు, మనదీ తెరుస్తాం. సొంత పిల్లలకు మాత్రం తెరవం. ఈసారి వార్షిక సమావేశంలో ఒక తీర్మానం పెడుతున్నాను: రోజూ సాయంత్రం రెండు గంటలు తోట పిల్లలది. రాగలిగినవాళ్లు రండి. రాలేనివాళ్లు ప్రాక్సీ ఫారం నా తలుపు కింద తోయండి. షేర్ల సంఖ్య రాయడం మరిచిపోవద్దు, ఇక్కడ ఓట్లు తలలకు కాదు, షేర్లకు.