మెదడులో చిక్కుముడి

1988లో విశాఖలో నేను పాఠం చెబుతుండగా ఒక విద్యార్థి మూర్ఛతో పడిపోయాడు. అందరం కలిసి చేతిలో తాళంచెవులు పెట్టాము. 'గాలి సోకింది' అన్నారెవరో. పండితుడనై యుండీ నేను కాదనలేదు. ఏళ్ల తరువాత స్కానింగులో అసలు కారణం బయటపడింది: పుట్టుకతోనే మెదడులో ఏర్పడిన రక్తనాళాల చిక్కు.

ధమనిలోని రక్తం సన్నని కేశనాళికల గుండా నెమ్మదించి సిరను చేరాలి. ఈ చిక్కులో కేశనాళికలుండవు. ధమని వేగమంతా సిరపై పడుతుంది. చిట్లితే రక్తస్రావం, చిట్లకున్నా మూర్ఛలు రావచ్చు.

1927లో లిస్బన్‌లో ఎగాస్ మోనిజ్ ధమనిలోకి ద్రవం ఎక్కించి, ఎక్స్‌రేలో మెదడు నాళాలను తొలిసారి చూపాడు. మన ఆంధ్ర వైద్య కళాశాల 1923లోనే వెలసినా, దేశంలో మొదటి న్యూరోసర్జరీ విభాగం 1949లో వెల్లూరులో జేకబ్ చాందీ ప్రారంభించినదే. సి.టి. స్కాన్ 1971లో లండన్‌లో తొలి రోగికి తీశారు.

నేడు చిక్కును కోసి తీస్తారు, సన్నని గొట్టంతో జిగురు నింపి మూస్తారు, లేదా కిరణాలతో రెండు మూడేళ్లలో మూసుకొనేలా చేస్తారు. కొన్నింటిని కదపక గమనిస్తారు.

నా శిష్యుడు శస్త్రచికిత్సతో కోలుకున్నాడు. ఉపాధ్యాయ మిత్రులారా! మూర్ఛ వచ్చిన పిల్లవాణ్ణి పక్కకు ఒత్తిగిలించండి, నోట్లో ఏమీ పెట్టకండి, వైద్యునికి చూపించండి. తాళంచెవులు జేబులోనే ఉండనీయండి.